చిన్న లేత్‌కు ఇంట్లోనే చేసుకోదగిన నాలుగు ఉపకరణాలు

చిన్న లేత్ (లోహపు ముక్కను తిప్పుతూ టూల్‌తో కోసే యంత్రం) కొన్నవారికి మొదటి నెలలోనే ఒక సంగతి తెలిసివస్తుంది. పెట్టెలో వచ్చింది యంత్రమే గాని, దానితో పని చేయడానికి కావలసిన సరంజామా కాదు. టూల్ ఎత్తు సరిచూసుకోవడానికి ఏ ఆధారమూ ఉండదు. భుజం (కడ్డీ లావు మారే మెట్టు) దాకా థ్రెడ్ (మరచుట్టు) కోసి సరిగ్గా అక్కడే ఆగాలంటే మోటారును నమ్మలేము. పది ముక్కలను ఒకే పొడవుకు తిప్పాలంటే పదిసార్లూ యంత్రం ఆపి వెర్నియర్ పెట్టి కొలవవలసిందే. ఈ లోట్లు తీర్చే వస్తువులు నాలుగింటిని ఇంట్లోనే ఎలా చేసుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను: టూల్ ఎత్తు గేజ్, స్పిండిల్‌ను (ముక్కను తిప్పే ఇరుసును) చేత్తో తిప్పే హ్యాండిల్, టెయిల్‌స్టాక్ (లేత్ కుడి చివర జరిగే ఆసరా) డై హోల్డర్ (డై అంటే కడ్డీ మీద థ్రెడ్ కోసే బిళ్ల), డయల్ ఉన్న క్యారేజ్ (టూల్‌ను బెడ్ వెంట మోసే భాగం) స్టాప్. వీటిని ఈ వరుసలోనే చేయాలి. మొదటిదానితో పెట్టిన టూల్ రెండవదానిని కోస్తుంది, రెండవది లేకపోతే మూడవదానితో పని జరగదు, ఈ మూడూ చేతిలో ఉంటే తప్ప నాలుగవది పూర్తి కాదు.

ఇక్కడి కొలతలు ఏడు అంగుళాల మినీ లేత్‌వి. బెడ్ (యంత్రపు పొడవాటి పీఠం) మీద దాదాపు 180 మి.మీ. వ్యాసం తిరిగే యంత్రం ఇది. స్పిండిల్ రంధ్రం సుమారు 20 మి.మీ., టెయిల్‌స్టాక్‌లో రెండవ నంబరు మోర్స్ టేపర్ (క్రమంగా సన్నబడే ప్రామాణిక రంధ్రం), బెడ్ ముందు గట్టు వి ఆకారం. మీ యంత్రం వేరే రకమైతే పద్ధతి ఇదే, కొలతలు మాత్రం మీవి వేసుకోవాలి. ఇదే రకమైనా సరే, స్పిండిల్ రంధ్రాన్ని ఒకసారి కొలిచిన తరువాతే లోహం కోయండి.

సరుకు విషయంలో పెద్దగా వెతుక్కోనక్కరలేదు. 10, 12, 25 మి.మీ. ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్) బ్రైట్ బార్ (నున్నని కడ్డీ), 40 మి.మీ. అల్యూమినియం రాడ్ ముక్క, 20×6 పట్టీ, ఎం6 (6 మి.మీ. థ్రెడ్) థ్రెడెడ్ రాడ్, 30×25 ఎం.ఎస్. ముక్క ఉంటే చాలు. సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో ముక్కలుగా, బరువు లెక్కన దొరుకుతాయి. తుక్కు కొట్టులో కనిపించే పాత యాక్సిళ్ల జోలికి మాత్రం మొదట్లోనే పోవద్దు. అది ఏ ఉక్కో తెలియదు, గట్టిపరచినదైతే చిన్న యంత్రం దాన్ని కోయలేక టూల్ మొనను పోగొట్టుకుంటుంది.

వేగానికి ఒక లెక్క గుర్తుంటే చాలు. హై స్పీడ్ స్టీల్ టూల్‌తో ఎం.ఎస్.ను నిమిషానికి 25 మీటర్ల వేగంతో కోయవచ్చు. అంటే 25 మి.మీ. రాడ్‌కు నిమిషానికి సుమారు 320 చుట్లు, 12 మి.మీ. రాడ్‌కు 660 చుట్లు వస్తాయి. అల్యూమినియానికి దీని రెండింతల పైన పెట్టవచ్చు, దాని మీద కిరోసిన్ బొట్లు వేస్తే టూల్‌కు అంటుకోదు. కళ్లద్దాలు తప్పనిసరి. చేతి తొడుగులు, వదులు చొక్కా చేతులు, మెడలో తువాలు, చున్నీ వంటివి యంత్రం దగ్గర ఉండకూడదు.

టూల్ ఎత్తు గేజ్

టూల్ మొన స్పిండిల్ అక్షం కంటే కిందికి ఉంటే, ఫేసింగ్ చేసినప్పుడు, అంటే కొసను చదునుగా కోసినప్పుడు, ముక్క నడిమధ్యన చిన్న బొడిపె మిగులుతుంది. ఆ బొడిపె వ్యాసంలో సగం ఎంతో, టూల్ అంత కిందికి ఉన్నట్టు. 0.6 మి.మీ. బొడిపె మిగిలితే 0.3 మి.మీ. రేకు ముక్క టూల్ కింద పెట్టాలి. శీతల పానీయాల అల్యూమినియం డబ్బా రేకు సుమారు 0.1 మి.మీ. మందం ఉంటుంది కాబట్టి, కత్తిరించి మూడు పొరలు వేస్తే సరిపోతుంది. ఈ గేజ్ చేసేటప్పటికి మన చేతిలో గేజ్ లేదు కనుక, మొదటి టూల్‌ను ఇలా బొడిపె చూసి సరిచేసుకోవాలి.

తరువాత 20 మి.మీ. రాడ్‌తో రెండు చివరలూ ఫేసింగ్ చేసిన 50 మి.మీ. స్తంభం ఒకటి తయారుచేసి, దాని పొడవును కచ్చితంగా కొలిచి పక్కన పెట్టుకోండి. ఇప్పుడు చక్‌లో (ముక్కను పట్టే దవడల బిగింపులో) 14 మి.మీ. వ్యాసమున్న ముక్కను 60 మి.మీ. బయటికి ఉండేలా బిగించి, పలుచటి కోతలతో 12 మి.మీ.కు తిప్పండి. దాన్ని చక్‌లోంచి తీయవద్దు. తీసి మళ్లీ బిగిస్తే మూడు దవడల చక్‌లో అది అదే అక్షం మీద కూర్చోదు. స్తంభాన్ని క్రాస్ స్లైడ్ (టూల్‌ను అడ్డంగా జరిపే పలక) చదును మీద, ఆ కడ్డీ కింద నిలబెట్టి, మధ్య ఖాళీలోకి డ్రిల్ బిట్ల కాడలను ఒక్కొక్కటిగా దూర్చి చూడండి. స్తంభం 50.00, ఖాళీలో పట్టిన కాడ 2.40, కడ్డీ వ్యాసార్ధం 6.00 అయితే, క్రాస్ స్లైడ్ నుంచి అక్షం ఎత్తు 58.40 మి.మీ. ఇది ఉదాహరణ మాత్రమే, మీ యంత్రం సంఖ్య వేరే వస్తుంది.

ఆ సంఖ్యకు సరిపడే పొడవుతో మరో స్తంభం తిప్పి, పక్కన సంఖ్య చెక్కుకుంటే గేజ్ సిద్ధం. టూల్ మొనను దాని పై అంచుకు ఆనించి, వేలి గోరును రెండింటి మీదా అడ్డంగా లాగితే చాలు. 0.05 మి.మీ. మెట్టును కూడా గోరు పసిగడుతుంది.

స్పిండిల్ హ్యాండిల్

నా దృష్టిలో చిన్న లేత్‌కు దీనికి మించిన ఉపకరణం లేదు. స్పిండిల్ ఎడమ చివర రంధ్రంలోకి ఒక బిరడా దూరుతుంది, లోపల శంకువు బిగుసుకుని ఆ బిరడాను విప్పారజేస్తుంది, దానికి తగిలించిన పిడితో స్పిండిల్‌ను చేత్తో తిప్పుతాము. ట్యాప్ (రంధ్రం లోపల థ్రెడ్ కోసే సాధనం), డై పనులు, భుజం దాకా థ్రెడ్ కోత, చివరకు వృత్తాన్ని సమభాగాలుగా విభజించడం కూడా దీనితో అవుతాయి.

25 మి.మీ. బ్రైట్ బార్‌ను 87 మి.మీ. పొడవుకు కోసి, రెండు చివరలూ ఫేసింగ్ చేయండి. ఒక వైపు సెంటర్ డ్రిల్ వేసి టెయిల్‌స్టాక్ సెంటర్ ఆసరా ఇచ్చి, 60 మి.మీ. మేర స్పిండిల్ రంధ్రం కంటే 0.1 నుంచి 0.2 మి.మీ. తక్కువ వ్యాసానికి తిప్పాలి. రంధ్రం 20.0 ఉంటే ఇది 19.8 అవుతుంది. చివరి రెండు కోతల ముందు యంత్రం ఆపి కొలవండి. వదులు ఎక్కువైతే శంకువు ఎంత బిగించినా బిరడా ఒక పక్కకు ఒరిగి కూర్చుంటుంది.

ఇప్పుడు 6.5 మి.మీ. రంధ్రం వేయాలి. మామూలు 6.5 డ్రిల్ బిట్‌లో పని చేసే పొడవు 63 మి.మీ. మాత్రమే కనుక, ఈ వైపు నుంచి 50 మి.మీ. వేసి, మిగిలినది రెండవ వైపు నుంచి వేయాలి. ప్రతి 5 మి.మీ.కు బిట్‌ను బయటికి లాగి చిప్స్ దులపకపోతే లోపల ఇరుక్కుని విరుగుతుంది. ఆ తరువాత మూతి దగ్గర 15 మి.మీ. లోతు వరకు రంధ్రాన్ని 10 మి.మీ.కు పెంచండి.

ఇక టేపర్. కాంపౌండ్ స్లైడ్‌ను (కోణానికి తిప్పగల పై స్లైడ్‌ను) 10 డిగ్రీలకు తిప్పి బిగించి, మూతి 15 మి.మీ. వెడల్పు వచ్చేదాకా బోరింగ్ టూల్‌తో లోపలి టేపర్ తిప్పాలి. కోణం ఇంతకన్నా బాగా తగ్గిస్తే శంకువు కరుచుకుపోయి, తరువాత సుత్తి దెబ్బలకు గాని వదలదు. లోపలి టేపర్ అయ్యాక కాంపౌండ్ స్లైడ్ బోల్టులను ముట్టుకోవద్దు. అదే అమరికతో శంకువు కూడా తిప్పితే, కోణం 10 డిగ్రీలకు బదులు తొమ్మిదిన్నర ఉన్నా రెండూ ఒకదానికొకటి సరిపోతాయి. ఇందులో ఒక మెలిక ఉంది. రంధ్రం వెడల్పు వైపు టెయిల్‌స్టాక్ దిక్కుగా ఉంది కాబట్టి, అదే అమరికలో యంత్రం ముందు వైపు నుంచి తిప్పే శంకువుకు కూడా లావు వైపు టెయిల్‌స్టాక్ దిక్కునే వస్తుంది, సన్న వైపు చక్ దగ్గర పడుతుంది. కనుక ముందు 17 మి.మీ. వ్యాసపు రాడ్‌కు 5 మి.మీ. డ్రిల్, ఎం6 ట్యాప్ వేసి, చక్ దగ్గర పార్టింగ్ టూల్‌తో (ముక్కను కోసి విడదీసే టూల్‌తో) గాడి తీసి చోటు చేసుకుని, సుమారు 15 మి.మీ. పొడవున టేపర్ తిప్పి, చివరికి సన్న వైపున కోసి విడదీయాలి. మొదటిసారి ఇది తలకిందులుగా అనిపిస్తుంది. కాగితం మీద గీసుకుంటే వెంటనే బోధపడుతుంది.

బిరడాను తిరగేసి, 19.8 భాగం మీద డబ్బా రేకు చుట్టి చక్‌లో బిగించి, ఈ వైపు నుంచి 6.5 రంధ్రం కలపండి. 25 మి.మీ. లావు భాగాన్ని 22 మి.మీ. పొడవున కాలర్‌గా ఉంచి, చివరి 5 మి.మీ.ను 12 మి.మీ. వ్యాసపు మెట్టుగా తిప్పాలి. ఈ 12 ఊరికే వచ్చిన సంఖ్య కాదు. ఈ రకం యంత్రాలతో వచ్చే చేంజ్ గేర్ల (ఫీడ్ వేగం మార్చడానికి వేసే గేర్ల) రంధ్రం సాధారణంగా అంతే ఉంటుంది. మీ గేర్‌ను కొలిచి, అది ఆడకుండా ఎక్కేలా తిప్పండి. కాలర్ పొడవు కూడా గేర్ కవరు దాటి బయటికి వచ్చేంత ఉండాలి.

వైస్‌లో పట్టి, టేపర్ ఉన్న మూతిని హ్యాక్సాతో కూడిక గుర్తులా రెండు కోతలు, 35 మి.మీ. లోతుకు కోయండి. నాలుగు రేకలు వస్తాయి. అంచులను ఆకురాయితో నున్నగా చేయకపోతే స్పిండిల్ లోపల గీతలు పడతాయి. ఐ.టి.ఐ.లో ఫిట్టర్లకు మొదటి నెలలంతా హ్యాక్సా, ఆకురాయి పట్టించడం ఎందుకో ఇలాంటి చోట తెలుస్తుంది. కోత ఒక మిల్లీమీటరు పక్కకు పోతే ఒక రేక బలంగా, ఒకటి బలహీనంగా మిగులుతుంది.

125 మి.మీ. ఎం6 థ్రెడెడ్ రాడ్‌ను శంకువులోకి ఎక్కించి, కొసను సుత్తితో కొద్దిగా చితగ్గొట్టి స్థిరపరచండి. బయటి కొసలో హ్యాక్సాతో స్క్రూడ్రైవర్ పట్టే గాడి తీయండి. బయట నట్టు బిగించేటప్పుడు రాడ్ తనూ తిరగకుండా ఈ గాడి ఆపుతుంది. పిడికి 20×6 పట్టీని 130 మి.మీ. కోసి, ఒక చివర 12 మి.మీ. రంధ్రం, దానికి 9 మి.మీ. ఎడంగా కాలర్ ముఖంలోకి దిగే ఎం4 స్క్రూకు రంధ్రం వేయాలి. రెండవ చివర ఎం8 బోల్టు మీద వదులుగా తిరిగే చెక్క లేక నైలాన్ గొట్టం పెడితే అరచేయి ఒరుసుకోదు.

వాడేముందు యంత్రం ప్లగ్ పీకి, దాని కొస కంటికి కనిపించేలా బల్ల మీద పెట్టండి. స్విచ్ ఆపడం చాలదు. నేను ఒకసారి ప్లగ్ పీకకుండా పని చేస్తూ మోచేత్తో స్విచ్ నొక్కాను. పిడి ఒక చుట్టు తిరిగేలోపే బొటనవేలి గోరు నల్లబడింది. వేగం పెట్టే బిళ్ల కనిష్ఠంలో ఉండబట్టి అంతటితో పోయింది. అప్పటి నుంచి ఈ హ్యాండిల్‌ను వేలాడదీసే మేకు, ప్లగ్ పెట్టే సాకెట్ పక్కనే ఉంది. హ్యాండిల్ మేకుకు లేకపోతే ప్లగ్ పెట్టను.

టెయిల్‌స్టాక్ డై హోల్డర్

చేతి డై స్టాక్‌తో కోసిన థ్రెడ్ తరచూ వంకరగా వస్తుంది. నట్టు ఎక్కుతుంది గాని, బోల్టు తల ఒక పక్కే ఆనుతుంది. డైని లేత్ అక్షం మీద నిలబెడితే ఈ బాధ ఉండదు.

ముందుగా మీ దగ్గర ఉన్న డైల వ్యాసం కొలవండి. ఎం3 నుంచి ఎం6 దాకా 20 మి.మీ. వ్యాసంతో వచ్చేవి కొన్ని, అంగుళం వ్యాసంతో వచ్చేవి కొన్ని. నేను 20 మి.మీ. లెక్కన చెబుతున్నాను. వీటిలో ఎం3, ఎం4 డైలు 5 మి.మీ. మందం, ఎం5, ఎం6 డైలు 7 మి.మీ. మందం ఉంటాయి. గూడు 7 మి.మీ. లోతు తీసి, పలుచటి డైల వెనుక 2 మి.మీ. వాషర్ వేసుకోవచ్చు.

40 మి.మీ. అల్యూమినియం రాడ్‌ను 50 మి.మీ. పొడవున తీసుకుని, ఫేసింగ్ చేసి, 11.8 డ్రిల్ తరువాత 12 మి.మీ. రీమర్‌తో (రంధ్రాన్ని కచ్చితమైన కొలతకు తెచ్చే సాధనంతో) ఆరపార రంధ్రం వేయండి. ముక్కను కదపకుండా అదే బిగింపులో డై గూడును 20.05 మి.మీ. వ్యాసానికి బోరింగ్ చేయాలి. రంధ్రమూ గూడూ ఒకే బిగింపులో అయితేనే ఒకే అక్షం మీద ఉంటాయి, హోల్డర్ ప్రాణమంతా అందులోనే ఉంది. డైని గూట్లో పెట్టి, దాని చీలిక, పక్క గుంటలు ఎక్కడ వస్తున్నాయో బయట గుర్తు పెట్టి, మూడు చోట్ల ఎం4 గ్రబ్ స్క్రూలకు (తల లేని స్క్రూలకు) 3.3 డ్రిల్ వేసి ట్యాప్ చేయాలి. చీలికలోకి దిగే స్క్రూకు మొన ఉండాలి. దాన్ని బిగిస్తే డై కొద్దిగా తెరుచుకుని థ్రెడ్ లావుగా వస్తుంది. వదిలి పక్క స్క్రూలు బిగిస్తే సన్నగా వస్తుంది. చివరగా పక్క నుంచి 6 మి.మీ. రంధ్రం వేస్తే, అందులో పెట్టిన కడ్డీ హోల్డర్ తిరగకుండా పట్టుకోవడానికి పనికివస్తుంది.

హోల్డర్ జారే మార్గం 12 మి.మీ. బ్రైట్ బార్. 100 మి.మీ. ముక్కను టెయిల్‌స్టాక్ డ్రిల్ చక్‌లో బిగించి, దాని ముందు కొసలో 7 మి.మీ. రంధ్రం వీలైనంత లోతుగా వేసుకుంటే పొడవైన థ్రెడ్ అందులోకి దూరుతుంది.

వాడే తీరు సులభమే. ఎం6 థ్రెడ్‌కు కడ్డీని 5.9 మి.మీ.కు తిప్పి, కొస అంచును 45 డిగ్రీల ఏటవాలుగా కోసి, కటింగ్ ఆయిల్ వేసి, ఎడమ చేత్తో స్పిండిల్ హ్యాండిల్ తిప్పుతూ, కుడి చేత్తో హోల్డర్‌ను కడ్డీ మీదికి నెట్టాలి. రెండు చుట్లు పట్టాక డై తనంతట తానే లాక్కుంటుంది. ప్రతి చుట్టుకూ సగం వెనక్కి తిప్పితే చిప్స్ తెగిపోతాయి. భుజం తగలగానే చేతికి బరువు తెలుస్తుంది, ఆపేయవచ్చు. మోటారు వేసి డై నడిపే వారిని చూశాను, భుజం దగ్గర థ్రెడ్ ఊడిపోవడమూ చూశాను.

డయల్ ఉన్న క్యారేజ్ స్టాప్

బెడ్ ముందు గట్టు మీద బిగిసే ఒక దిమ్మ, అందులో ముందుకూ వెనక్కూ జరిగే ఎం6 స్క్రూ, ఆ స్క్రూకు తగిలించిన అంకెల చక్రం. ఎం6 సాధారణ థ్రెడ్ పిచ్ సరిగ్గా 1 మి.మీ. కనుక, చక్రం మీద 50 గీతలు ఉంటే ఒక్కొక్క గీత 0.02 మి.మీ. అవుతుంది.

దిమ్మకు 30×25 మి.మీ. ఎం.ఎస్. ముక్కను 50 మి.మీ. పొడవున తీసుకోవాలి. మిల్లింగ్ యంత్రం లేనివారికి కష్టమైన చోటు దీని అడుగున ఉండే వి గాడి. గట్టుకు సరిగ్గా అతికేలా ఆకురాయితో రుద్దడం ఓపికకు పరీక్ష. దానికి బదులు గాడిని ఒక మిల్లీమీటరు ఎక్కువ వెడల్పుగా, గరుకుగా కోసి, బెడ్ గట్టు మీద గ్రీజు రాసి పలుచటి ప్లాస్టిక్ కవరు పరిచి, గాడి నిండా బాగా కలిపిన ఎం-సీల్ పెట్టి, దిమ్మను గట్టు మీద అదిమి రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి గట్టు ఆకారం అచ్చు గుద్దినట్టు దిగుతుంది. ఇక్కడ పడేది నొక్కుడు బరువే కాబట్టి ఎం-సీల్ తట్టుకుంటుంది. బెడ్ అడుగు నుంచి 20×6 పట్టీ, ఒక ఎం8 ఎలెన్ బోల్టు దిమ్మను బిగించి పడతాయి.

స్క్రూకు 10 మి.మీ. బ్రైట్ బార్ ముక్కలో 40 మి.మీ. మేర 5.9కు తిప్పి, డై హోల్డర్‌తో భుజం దాకా థ్రెడ్ కోయండి. మొనను ఆకురాయితో గుండ్రంగా చేయండి. దిమ్మలో 5 మి.మీ. డ్రిల్ వేసి ఎం6 ట్యాప్‌ను చేత్తో నిటారుగా దించాలి. స్క్రూ దానంతట అది తిరగకుండా పక్క నుంచి ఎం4 గ్రబ్ స్క్రూ, దాని ముందు ఒక ప్లాస్టిక్ ముక్క పెట్టండి.

చక్రం 25 మి.మీ. వ్యాసం, 12 మి.మీ. వెడల్పు, మధ్యన 10 మి.మీ. రంధ్రం. సున్నాను ఎక్కడికి కావాలంటే అక్కడికి తిప్పుకునేలా ఎం3 గ్రబ్ స్క్రూ దీనికి ఉండాలి. గీతల కోసం దీన్ని 10 మి.మీ. మాండ్రెల్ (ముక్కను పట్టడానికి రంధ్రంలో దూర్చే కడ్డీ) మీద బిగించి చక్‌లో పెట్టండి. స్పిండిల్ ఎడమ వైపు మన బిరడాను బిగించి, పిడి స్థానంలో 50 పళ్ల చేంజ్ గేర్‌ను 12 మి.మీ. మెట్టు మీద కూర్చోబెట్టి, వాషర్, నట్టు వేసి బిగించండి. గేర్ మందం మెట్టు కంటే ఎక్కువ కనుక నట్టు దాన్ని గట్టిగా పడుతుంది. కొసను పన్ను సందు ఆకారంలో రుద్దిన ఒక పట్టీని కవరు స్క్రూకు తగిలిస్తే, అది ఒక్కొక్క సందులో దిగి స్పిండిల్‌ను ఆపుతుంది. ప్లగ్ పీకే ఉండాలని మళ్లీ చెప్పనక్కరలేదు.

టూల్ పోస్ట్‌లో మొన చక్ వైపు కాకుండా చక్రం పక్కకు ఆనేలా, 60 డిగ్రీల వి టూల్‌ను గేజ్ చూసి అక్షం ఎత్తుకు పెట్టండి. క్రాస్ స్లైడ్‌తో 0.15 మి.మీ. లోపలికి దించి, క్యారేజ్‌ను చేత్తో నెమ్మదిగా తోస్తే ఒక గీత పడుతుంది. ఒక పన్ను తిప్పి మరో గీత. మామూలు గీత 4 మి.మీ., ప్రతి అయిదవ గీత 7 మి.మీ. పొడవు ఉండాలి. అయిదు గీతలు 0.1 మి.మీ. కనుక, పొడవైన పది గీతలకు 0 నుంచి 9 దాకా అంకెల పంచ్‌తో కొట్టవచ్చు. స్పిండిల్‌ను ఎప్పుడూ ఒకే దిక్కుకు తిప్పి పట్టీకి ఆనించండి, లేకపోతే గేర్ సందులోని వదులు గీతల ఎడంలో కనిపిస్తుంది. నేను 31వ గీత దగ్గర ఫోను మాట్లాడి లెక్క తప్పాను. ఆ చక్రం ఇప్పటికీ మేజా మీద కాగితాల బరువుగా ఉంది. అయిదేసి పళ్లకు ఒకసారి గేర్ మీద మార్కర్ చుక్క పెట్టుకుంటే ఆ తిప్పలు ఉండవు.

గీతలు పూర్తయ్యాక 400 నంబరు ఎమెరీ కాగితంతో తేలికగా రుద్ది, నల్ల రంగు పూసి తుడిచేస్తే గాడుల్లోనే రంగు నిలుస్తుంది. దిమ్మ పక్కన చిన్న రేకు మీద ఒక అడ్డగీత గీస్తే అదే సూచిక. స్క్రూ తిరిగేకొద్దీ చక్రం పక్కకు జరుగుతుంది కాబట్టి ఆ గీత పొడవుగా ఉండాలి.

బిగించాక ఒకసారి సరిచూడండి. క్యారేజ్ వెనుక డయల్ గేజ్ (సూక్ష్మమైన కదలికను ముల్లుతో చూపే సాధనం) పెట్టి, క్యారేజ్‌ను పదిసార్లు స్టాప్‌కు ఆనించి ముల్లు ఎక్కడ నిలుస్తోందో గమనించండి. తేడా 0.02 మి.మీ. లోపు ఉంటే చాలు. ఎక్కువ ఉంటే మొదట అనుమానించవలసింది చేతి ఒత్తిడిని, తరువాత ఎం8 బోల్టును, ఆ తరువాతే ఎం-సీల్‌ను. ఆటో ఫీడ్ నడుస్తుండగా క్యారేజ్‌ను స్టాప్‌కు గుద్దనివ్వవద్దు. ఈ యంత్రాల్లో చాలావాటికి గేర్లు ప్లాస్టిక్‌వే, ముందు విరిగేది అవే. ఒక మిల్లీమీటరు ముందే ఫీడ్ విడిపించి, మిగిలిన దూరం క్యారేజ్ చేతిచక్రం తిప్పి ఆనించండి.